ఊరు దాటిన మైదానము

అనంతపురము పల్లెలలో ఫలానా ఊరు ఎంత దూరమని అడిగినచో కిలోమీటర్ల లెక్క చెప్పువారు తక్కువ. ఎక్కడ బస్సు ఎక్కవలెనో, ఎక్కడ మారవలెనో, తిరిగి వచ్చుటకు కడపటి బస్సు ఎన్ని గంటలకో చెప్పుదురు. ఎండిన చెరువుల నడుమను, వేరుసెనగ చేల నడుమను పల్లెలు విసిరివేసినట్లుండు సీమ యిది. ఇక్కడ దూరమును నేలతో గాక వేళతో కొలుతురు.

ఒక సాయంకాలము అనంతపురము అంచున నున్న క్రీడాప్రాంగణమున మేము ఈ సంగతిని కన్నులార చూచితిమి. పదమూడు, పదునాలు గేండ్ల బాలికలు ఫుట్‌బాల్ ఆడుచుండిరి. ఆట మంచి పట్టులో నున్నది. అంతలో ఒక బాలిక గీత దాటి వెలుపలికి వచ్చి బూట్ల త్రాళ్లు విప్పుకొనసాగినది. శిక్షకుడు, "ఏమ్మా, ఇంకా పది నిమిషాలుంది కదా?" అని అడిగెను. "ఈ బస్సు పోతే మళ్లా లేదు సార్. మా నాయన ఊరికే ఉండడు" అని చెప్పి ఆ బిడ్డ సంచి భుజమున వేసికొని రోడ్డువైపు పరుగెత్తినది. తక్కిన పది నిమిషములును ఆమె జట్టు ఒకరు తక్కువగానే ఆడినది.

ఆటస్థలమును గూర్చి మాటలాడునప్పుడు మనము గడ్డిని గూర్చియు, గోడలను గూర్చియు, దీపస్తంభములను గూర్చియు మాటలాడుదుము. మైదానమును ఊరి నడుమ నుండి ఊరి వెలుపలికి మార్చునప్పుడు ఎన్ని ఎకరములు దొరకినవి, ఎన్ని వేలమంది కూర్చుండగలరు అని లెక్క వేయుదుము. అక్కడికి ఎవరు, ఏ బాటను, ఏ వేళకు, ఎంత ఖర్చుతో రాగలరు అను ప్రశ్న మాత్రము చివరకు మిగిలిపోవుచుండును. ఆ ప్రశ్నకు గల చరిత్రను ఈ ప్రసంగమున కొంత పరిశీలింప దలచితిమి.

ముందుగా ఈ సీమ బాటల మాట. అనంతపురము జిల్లాలో ఏటేట కురియు వాన సగటున సుమారు 55 సెంటీమీటర్లు. రెండు ఋతుపవనములలో ఏదియు ఇక్కడికి నిండుగా చేరదు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు మేఘములు తూర్పు తీరము నుండి ఇంత దూరము వచ్చుసరికి వట్టిపోవును. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామమున, అప్పటికి బళ్లారి జిల్లాలో భాగముగా నుండిన ఈ ప్రాంతము మిక్కిలి దెబ్బ తినినది. నాటి క్షామనివారణ పనులనగా ప్రధానముగా కంకర కొట్టుట, రోడ్డు వేయుట, చెరువు పూడిక తీయుట. ఆకలిగొన్నవారి చేతులే ఆ రాళ్లను పగులగొట్టినవి. 1882లో అనంతపురము వేరు జిల్లా అయ్యెను. 1890వ దశకమున గుంతకల్లు నుండి ధర్మవరము మీదుగా బెంగుళూరు వైపునకు మీటరుగేజి రైలు నడచెను.

కావున ఈ పీఠభూమిపై బాటలు షికారు కొరకు పుట్టినవి కావు. వానిలో అనేకము కరవు వేసిన బాటలు. కరవు వచ్చినప్పుడు జనమును కూలికై బెంగుళూరునకు కొనిపోయినవియు ఆ బాటలే. వలస పోవుటకు అలవాటుపడిన రోడ్డు మీదికి పిల్లలను ఆట కొరకు రప్పించుట ఈ సీమలో క్రొత్త సంగతి. దాని విలువ ఇంతయని చెప్పనక్కర లేదు.

పూర్వము పట్టణములలో ఆటస్థలమునకు బాట యెట్లు అను ప్రశ్నయే లేదు. మైదానము ఊరిలోనే ఉండెను. ఆడువారును, చూచువారును నడచియో, సైకిలు మీదనో వచ్చుచుండిరి. అనంతపురమున 1916లో వెలసిన ప్రభుత్వ కళాశాల ఆటస్థలము గాని, ఈ జిల్లా ఇల్లూరులో పుట్టి రాష్ట్రపతి పదవి నలంకరించిన నీలం సంజీవరెడ్డిగారి పేరుగల స్టేడియము గాని ఊరివారికి అందుబాటులో నున్నట్టివే. ఊరు పెరిగిన కొలదిని లోపల స్థలము ఇరుకయ్యెను. వెలుపల బీడుభూమి విశాలముగా నుండెను. 1969లో ఇక్కడికి వచ్చి పల్లెల సేవకు పూనుకొన్న విసెంట్ ఫెర్రర్‌గారు నెలకొల్పిన సంస్థ, జనులు ఆర్‌.డి.టి. అని పిలుచుకొనునది, ఊరి అంచున ఒక క్రీడాగ్రామమును నిర్మించినది. ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్, టెన్నిస్ అన్నియు ఒక్కచోటనే నేర్పు ఏర్పాటు అచ్చట గలదు. 2010లో స్పెయిన్ దేశపు టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ స్వయముగా వచ్చి అక్కడి టెన్నిస్ పాఠశాలను ప్రారంభించెను. వేరుసెనగ రైతుల పిల్లలకు ఇంతకు మించిన మైదానము ఏ మహానగరమునను సులభముగా దొరకదు.

ఆ మైదానము కీర్తి 2024 సెప్టెంబరులో దేశమంతట వినవచ్చినది. దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు అనంతపురమున జరిగినవి. మొత్తము ఆరు ఆటలలో అయిదు ఇక్కడ, ఒకటి మాత్రము బెంగుళూరులో. అనంతపురమునకు విమానాశ్రయము లేదు. దేవనహళ్లిలో 2008 నుండి పనిచేయుచున్న బెంగుళూరు విమానాశ్రయమునకు పోవలెనన్న జాతీయ రహదారి మీద గంటల ప్రయాణము. అయినను పేరుపొందిన ఆటగాండ్రు వచ్చిరి, ఆడిరి, పోయిరి. పెద్దవారికి బాట చేయుట కష్టము కాదని ఆ పక్షములలో తేలినది. చల్లని బస్సు, ముందు పోలీసు వాహనము ఉన్నచో అతిథి ఎంత దూరము నుండియైనను రాగలడు. ప్రశ్న అతిథిని గూర్చినది కాదు. ఏటికి మూడువందల దినములు ఆ మైదానమునకు రావలసిన ఇంటి బిడ్డలను గూర్చినది.

తెలుగుదేశమున ఈ ప్రశ్నకు అన్నిటికంటె పెద్ద నిదర్శనము హైదరాబాదు ఫుట్‌బాల్. ఒక మహానగరపు ఆట ఊరి నడుమ నుండి ఊరి పడమటి కొసకు తరలిన చరిత్ర అది. అనంతపురము వారు దానిని తెలిసికొనుట మేలు.

హైదరాబాదు నడిబొడ్డున నున్న ఫతేమైదానము పాతకాలపు నేల. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సేనలు అక్కడ దిగినవనియు, గెలుపు తరువాత దానికి విజయమైదానమని ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు. ఆసఫ్‌జాహీల కాలమున అది పోలో ఆటస్థలము. 1955 నవంబరులో న్యూజీలాండు జట్టుతో హైదరాబాదులోని మొట్టమొదటి క్రికెట్ టెస్టు అక్కడనే జరిగెను. 1967లో లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. నాంపల్లి రైలుస్టేషను, ఆబిడ్సు, బషీరుబాగు అన్నియు దగ్గర. ఆట చూడదలచినవాడు ఏ పేట నుండి బయలుదేరినను అక్కడికి చేర్చు బస్సు ఒకటి దొరకెడిది.

ఆ నగరపు ఫుట్‌బాల్ స్వర్ణయుగమునకు ఆ మైదానము ఇల్లు వంటిది. బడిపంతులుగా జీవితమారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. రహీముగారి శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోను, మరుసటి యేడును గెలుచుకొనెను.

ఆ మెల్బోర్న్ జట్టులో ఇరువది యేండ్ల తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాదునకు ఆవల అమ్ముగూడ అతని ఊరు, బీద కుటుంబము. నగరమునకు వచ్చి అభ్యాసము చేయుమని రహీముగారు పిలిచినప్పుడు దారిఖర్చునకు డబ్బు లేదని ఆ యువకుడు చెప్పెననియు, రహీముగారు సైకిలు ఏర్పాటుచేసిరనియు చెప్పుకొందురు. రెండు ఒలింపిక్సులలో దేశము తరపున ఆడిన ఆ మహాక్రీడాకారుని జీవితము ఒక సైకిలు మీద ఆధారపడియున్నదన్న మాట. మైదానము అప్పుడు నగరము నడుమనే ఉన్నది గదా! అయినను ఒక బీదవానికి అది దూరమే అయ్యెను. అది మరి యిరువది కిలోమీటర్లు పడమటికి జరిగి యుండినచో ఆ సైకిలు చాలియుండునా?

మైదానము నిజముగానే జరిగినది. 2002 డిసెంబరులో హైదరాబాదులో జాతీయక్రీడలు జరుగుటకై గచ్చిబౌలిలో ముప్పదివేలమంది కూర్చుండగల స్టేడియమును కట్టిరి. ఆ యేటి మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున మరణించిన లోకసభాపతి జి.ఎం.సి. బాలయోగిగారి పేరు దానికి పెట్టిరి. మరుసటి యేడు ఆఫ్రో-ఆసియా క్రీడలును అక్కడ జరిగినవి. కట్టడము చక్కనిది, నేల విశాలమైనది. ఊరి నడుమ అంత స్థలము దొరకెడిది కాదనుట నిజము. కాని నాడు గచ్చిబౌలి అనగా బండరాళ్ల నడుమ క్రొత్తగా మొలకెత్తుచున్న పేట.

ఇక అక్కడికి బాటలు ఏ క్రమమున వచ్చినవో చూడుడు. స్టేడియము 2002లో వచ్చెను. నగరపు లోకల్ రైలు 2003 ఆగస్టులో లింగంపల్లి వరకు నడచెను. బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి, శంషాబాదుల నడిమి భాగము 2008లో తెరువబడెను. మెట్రో రైలు 2019 నవంబరులో రాయదుర్గము వరకు వచ్చి ఆగెను. లోకల్ రైలు స్టేషను గాని, మెట్రో స్టేషను గాని ఆ మైదానమునకు నడకదూరములో లేదు. ఒక్క వలయ రహదారి మాత్రము దాని సమీపమునకు వచ్చినది. అది కారుగలవారి బాట.

ఇక్కడ మరియొక సూక్ష్మము కలదు. హైదరాబాదు ఫుట్‌బాలునకు పట్టుకొమ్మలు బార్కస్ వంటి పాతబస్తీ పేటలు, సికింద్రాబాదు, బొల్లారము ప్రాంతములు. అవి నగరమునకు దక్షిణమునను, ఉత్తరమునను ఉన్నవి. మైదానము పోయినది పడమటికి. ఆటను ప్రేమించువారు ఒక దిక్కున, ఆట మరియొక దిక్కున అయిరి. 2019 నుండి హైదరాబాదు పేరుగల జట్టు ఒకటి ఇండియన్ సూపర్ లీగులో ఆ మైదానమును తన యింటిగా చేసికొని, 2021-22లో ఆ పోటీని గెలిచినది కూడ. రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట ముగియుసరికి తొమ్మిదిన్నర. పాతబస్తీ నుండి వచ్చిన కుర్రవాడు ఆట చివరి ఘట్టమును చూచుటయా, ఇంటికి పోవు దారి చూచుకొనుటయా? 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది. హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణించుటకు దూరమే కారణమని మేమనము. ఉద్యోగములిచ్చి ఆటగాండ్రను పోషించిన శాఖలు వెనుకకు తగ్గుట, క్రికెట్ మోజు పెరుగుట మొదలగు కారణములు అనేకము గలవు. కాని జబ్బుపడిన ఆటను చూడవచ్చువారికి దారి దూరము చేయుట మందు కాజాలదు.

అదే నగరమున క్రికెటు సంగతి చూడుడు. ఆ ఆటయు ఫతేమైదానమును విడిచి తూర్పున ఉప్పలునకు పోయినది. 2005 నవంబరులో అక్కడ దక్షిణాఫ్రికాతో తొలి అంతర్జాతీయపు ఆట జరిగెను. పండ్రెండేండ్ల తరువాత, 2017లో, నాగోలు మెట్రో దారి తెరచినప్పుడు స్టేడియము అను పేరుతోనే అక్కడ ఒక స్టేషను వెలసినది. ఆలస్యమైనను బాట మైదానమును వెదకికొని వచ్చినది.

ఇది మన దేశమునకే పరిమితమైన పొరపాటు కాదు. ఇంగ్లండులో కవెంట్రీ నగరపు ఫుట్‌బాల్ జట్టు ఇంచుమించు నూరేండ్లకు పైగా ఆడిన హైఫీల్డు రోడ్డు మైదానమును విడిచి 2005లో నగరపు ఉత్తరపు అంచున క్రొత్త స్టేడియమునకు పోయెను. దాని ప్రక్కనే రైలుపట్టాలు గలవు. కాని స్టేషను 2016 వరకు రాలేదు. వచ్చిన తరువాతను నడచునవి చిన్న బండ్లు. పెద్ద ఆట ముగిసిన వెంటనే జనము విరుచుకుపడుదురను భయముతో మొదట ఆ వేళకు బండ్లనే ఆపవలసి వచ్చెను!

బ్రైటన్ పట్టణపు జట్టు కథ వేరు. 1997లో సొంత మైదానమును పోగొట్టుకొని, రెండేండ్లు దూరపు గిల్లింగ్‌హాములోను, పిమ్మట పండ్రెండేండ్లు అద్దె మైదానమునను ఆడి, 2011లో ఫామర్ అనుచోట స్వంత స్టేడియము కట్టుకొనెను. అది ఊరి వెలుపల గల పల్లె. కాని రైలుస్టేషను ప్రక్కనే ఉన్న స్థలమును ఎన్నుకొనిరి. అంతేకాక ఆట టిక్కెట్టులోనే చుట్టుపట్ల రైలు, బస్సు చార్జీలను చేర్చిరి. ఆట చూచు హక్కుతోపాటు ఇల్లు చేరు హక్కును గూడ ఒకే చీటీమీద అచ్చొత్తిరన్న మాట. రెండు స్టేడియములును ఊరి అంచుననే ఉన్నవి. ఒకదానికి బాట ముందు, మరియొకదానికి బాట వెనుక.

ఇందులో గణితము కొంత గలదు. ఆటకు జనము రెండు గంటలపాటు మెల్లగా వత్తురు. కాని పోవునప్పుడు అందరును ఒక్కసారి లేతురు. ముప్పదివేలమంది వచ్చిరనుకొందము. కారుకు ఇద్దరు చొప్పున పదునైదువేల కార్లు. ఒక వరుసలో గంటకు సుమారు పదునైదు వందల కార్లు సాగునని పెట్టుకొన్నచో, రెండు వరుసల రోడ్డుపై అవన్నియు వెడలుటకు అయిదు గంటలు. అదే జనమును బస్సుకు అరువదిమంది చొప్పున పంపినచో అయిదువందల బస్సులు చాలును. మూడు పెట్టెల మెట్రో బండి సుమారు వేయిమందిని మోయగలదు. ముప్పది బండ్లు చాలును. కార్లు నిలుపుటకు వదలిన ఎకరములు ఎన్నియున్నను ఈ లెక్క మారదు. రోడ్డు వెడల్పుచేసినంత మాత్రమున మైదానము దగ్గర కాదు.

ఇప్పుడు తిరిగి అనంతపురమునకు వత్తము. ఇక్కడ ముప్పదివేల జనము ప్రశ్న కాదు; ముప్పదిమంది పిల్లలు ప్రశ్న. లెక్క చిన్నది, చిక్కు మాత్రము ఒకటే.

మొదటి సంగతి, రహదారి. నలుబదినాలుగవ జాతీయ రహదారి హైదరాబాదునకును, బెంగుళూరునకును నడుమ ఈ జిల్లామీదుగా పోవుచున్నది. దూరపు బండికి అది వరము. నడచిపోవు బిడ్డకు అట్టి రోడ్డు ఒక ఏరు వంటిది. ఈ గట్టున బస్సు దిగి ఆ గట్టున ఆటకు పోవలెనన్న ప్రాణము అరచేత పెట్టుకొని దాటవలెను. ఏ ఊరిలోనైనను రహదారి దాపున మైదానము వెలసినప్పుడు దానితోపాటే క్రిందుగా దాటుదారియు, ప్రక్క రోడ్డును, దీపముగల బస్సు నిలుపుచోటును ఏర్పడవలెను. ఇవి కట్టడముతోపాటు చేసినచో చవుక. ప్రమాదము జరిగిన పిమ్మట చేసినచో ఖరీదు ఎవ్వరును కట్టలేరు.

రెండవ సంగతి, వేళ. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకును, బాలికలకును పల్లెవెలుగు మొదలైన బస్సులలో టిక్కెట్టు అక్కరలేదు. బలరామునకు అడ్డుపడిన దారిఖర్చు నేటి బాలికకు అడ్డుపడదు. ఇది సామాన్యమైన మార్పు కాదు. కాని ఉచితముగా ఎక్కవలెనన్నను ఎక్కుటకొక బస్సు ఉండవలెను గదా! ఆట ఆరున్నరకు ముగిసి, బస్సు ఆరింటికి పోయినచో ఆ ఉచితము ఎవరికి ఉపయోగము? కడపటి బస్సును అరగంట వెనుకకు జరుపుటయో, అభ్యాసమును అరగంట ముందునకు జరుపుటయో పెద్ద ధనముతో కూడిన పని కాదు. బస్సు డిపో వారును, మైదానము వారును ఒక బల్ల దగ్గర కూర్చున్నచో తీరు పని.

మూడవది, ప్రతిదినమును ప్రతి బిడ్డయు పెద్ద మైదానమునకే రావలెనను నియమము లేదు. 2022 ఏప్రిలులో పాత జిల్లా రెండై, ధర్మవరము, కదిరి, హిందూపురము ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. పంతొమ్మిదివేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ పాత జిల్లాలో ఒకే మైదానము అందరికి అందదు. మండల కేంద్రములలో గోలుస్తంభములు నాటిన చిన్న ఆటస్థలములు ఉన్నచో దినదిన అభ్యాసము అక్కడ జరుగును. పోటీనాడు మాత్రము అందరును కలిసి ఒక బస్సులో పెద్ద మైదానమునకు రావచ్చును. మైదానము జనమునకు దూరమైనప్పుడు, జనమును మైదానము చెంతకు తెచ్చుట ఒక మార్గము. మైదానమును కొంత కొంతగా జనము చెంతకు పంపుట రెండవ మార్గము. రెండును కావలెను.

మైదానములు ఊరు దాటుటను ఎవ్వరును ఆపజాలరు. ఆపవలసిన పనియు లేదు. ఊరు పెరుగును, నేల ఇరుకగును, ఆటలకు విశాలమైన చోటు కావలెను. కాని మైదానమునకు శంకుస్థాపన చేయునాడు ఆ రాతికి ముందు వేయవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ నేల నుండి కడపటి బస్సు ఎన్ని గంటలకు? దానికి జవాబు దొరకిన తరువాతనే గద్దెల లెక్క, దీపముల లెక్క.

ఆ సాయంకాలము ఆట ముగిసిన పిదప మేమును రోడ్డు మీదికి వచ్చితిమి. బస్సు దుమ్ము రేపుకొనుచు ఉత్తరముగా సాగిపోయినది. కిటికీ ప్రక్కన కూర్చున్న ఆ బిడ్డ మైదానమువైపే చూచుచున్నది. ఆట ఎట్లు ముగిసినదో ఆమెకు మరునాడుగాని తెలియదు.